కాదనే వీలున్న చోట సాక్ష్యం

డోర్నకల్ మొదటి బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు బాప్తిస్మాల వేళ ఒక పని చేయించేవారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ తన చెయ్యి తన తల మీద పెట్టుకోవాలి. సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ తప్పదని కొరింథు సంఘానికి పౌలు రాసిన మాటను అందరి ముందూ తన మాటగా పలకాలి. అలా పలికినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన కూలీలు, పాలేర్లు. చాలామందికి అక్షరం ముక్క రాదు. 1912లో బిషప్పు అయిన నాటి నుంచి 1945 జనవరి 1న కన్నుమూసేదాకా అజరయ్య గారు విడవని పట్టు ఇది. సువార్త చెప్పడం జీతం తీసుకునే బోధకుడొక్కడి పని కాదు, నాగలి పట్టేవాడి పని, నాట్లు వేసే ఆడమనిషి పని అని ఆయన నమ్మారు. ఆ డయాసిస్‌లో ఏటా ఒక వారాన్ని సాక్ష్యానికని కేటాయించుకుని, సంఘస్థులు జట్లు జట్లుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేవారు.

ఆ పట్టు మన సంఘాల్లో ఇప్పటికీ సడలలేదు. మీ ఆఫీసులో మీరు విశ్వాసులని ఎంతమందికి తెలుసు, పక్కింటివాళ్లకు ఒక్కసారైనా ప్రభువు గురించి చెప్పారా అని పాస్టరు గారు అడిగితే బల్లల మీద కూర్చున్నవాళ్లు చాలామంది తల దించుకుంటారు. అదే వీధిలో ఇంకో ఇంటి అరుగు మీద వేరే మాట వినిపిస్తుంది. "ఆవిడ మంచిదేనండీ, కష్టంలో ముందు వచ్చేది ఆవిడే. కానీ కాసేపు కూర్చుంటే చాలు, ప్రార్థనకు రమ్మంటుంది." ఈ ఇబ్బందిలో ద్వేషం లేదు. పాస్టరు గారి ప్రశ్నలో వంచన లేదు. సంఘంలోనే పుట్టి పెరిగాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచను. కానీ అరుగు మీది మాట కొట్టిపారేయదగ్గది కాదు. పత్రికల్లో, టీవీల్లో మతమార్పిడి గొడవ లేచినప్పుడల్లా ఈ మామూలు మనుషుల ఇబ్బంది ఎవరికీ పట్టకుండా పోతుంది. అందుకే దాని గురించి రాస్తున్నాను.

సాక్ష్యం చెప్పాలనేవారి వాదనలో బలం చాలా ఉంది. మత్తయి సువార్త చివర పునరుత్థానుడైన యేసు శిష్యుల్ని సమస్త జనుల దగ్గరికీ పంపాడు. అపొస్తలుల కార్యముల మొదట్లో యెరూషలేము నుంచి భూమి అంచుల దాకా తనకు సాక్షులై ఉంటారన్నాడు. ఇది విశ్వాసికి ఇష్టముంటే చేసి, లేకుంటే మానేసే పని కాదు. పైగా కొత్త నిబంధనలో ఈ పని చేసినవాళ్లందరూ పండితులు కారు. సమాధుల మధ్య తిరిగిన పిచ్చివాడు బాగుపడి యేసు వెంట వస్తానంటే, ఇంటికి వెళ్లి నీ వాళ్లకు జరిగింది చెప్పమన్నాడు. సమరయ స్త్రీ కుండ బావి దగ్గరే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. యెరూషలేములో హింస మొదలైనప్పుడు అపొస్తలులు అక్కడే ఉండిపోయారు, చెదిరిపోయిన మామూలు విశ్వాసులే వెళ్లిన చోటల్లా వాక్యం చెప్పారు.

రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని ఎండగడుతూ గ్రంథం రాసిన సెల్సస్ అనే తత్వవేత్త కోపమంతా దీని మీదే. ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చదువుసంధ్యలు లేని మొరటు మనుషులు ఇళ్లల్లో చేరి, పెద్దవాళ్లు, పంతుళ్లు లేని సమయం చూసి ఆడవాళ్లకూ పిల్లలకూ తమ మతం నూరిపోస్తున్నారని ఆయన ఫిర్యాదు. ఆయన గ్రంథం నిలవలేదు. సుమారు 248లో ఓరిజెన్ రాసిన జవాబులో ఉదహరించిన మేరకే మనకు దక్కింది. నేను ఈ ఫిర్యాదును రెండు రకాలుగా చదువుతాను. పనిపాటల వాళ్ల నోటి ద్వారానే ఈ విశ్వాసం పాకిందనడానికి శత్రువు చేతి నుంచి దొరికిన రుజువు ఇది. పెద్దలు లేనప్పుడు పిల్లల దగ్గరికి వెళ్లడం సబబేనా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. అడిగినవాడు అహంకారి అయినా అది న్యాయమైన ప్రశ్న. ఇవాళ్టి తల్లిదండ్రులూ అదే అడుగుతున్నారు.

తెలుగు నేల మీద ఈ కథలో ఒక ముఖ్య ఘట్టం ఒంగోలు వైపు జరిగింది. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. అప్పటికే రాజయోగం ఉపదేశం పొంది, తన వాళ్లలో గురువుగా పేరున్నవాడు. బేరం మీద గోదావరి వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ చెవిన పడింది. 1866లో బాప్తిస్మం పొందాక ఆయన వృత్తి మారలేదు, దారులూ మారలేదు. తోళ్ల కోసం ఏ పల్లెలకు వెళ్లేవాడో ఆ పల్లెలకే వెళ్లి, తన బంధువుల మధ్య, తన కులం వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, మనవాళ్ల నోట క్లౌ దొర, ఒంగోలులో స్థిరపడేనాటికే పేరయ్య ఈ పని మొదలుపెట్టాడు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు అని చేరినవాళ్లను అడిగేవారు. ఆ రోజుల్లో మాదిగపల్లెలో ఈ మూడూ పాటించడమంటే ఊరి పెత్తందార్లతో, కరణాలతో తగువు పెట్టుకోవడమే. వెట్టికి పిలిస్తే ఆదివారం రానన్న మాట చాలు, దెబ్బలు తినడానికి. సాక్ష్యం అక్కడ ఒంటి మీద కనబడేది. క్లౌ గారి భార్య ఎమ్మా 1899లో ఈ మాదిగ సమాజం గురించి ఒక పుస్తకమే రాశారు. అందులో పేరయ్య వంటివాళ్లు మిషనరీ వెనక నడిచే నౌకర్లుగా కాక ముందు నడిచిన మనుషులుగా కనిపిస్తారు.

ఇక 1876-78 ధాత కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు క్లౌ దొర తీసుకుని వేలమందికి కూలి చూపించారు. పని మీద మేస్త్రీలుగా నిలబడ్డవాళ్లు తెలుగు బోధకులు. పగలు తట్టలు మోసి, సందు దొరికినప్పుడు కూలీలు బోధ వినేవారు. అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా కరువు నడిచినంత కాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, నిజంగా కూటి కోసం చేరకూడదని. కరువు తగ్గి, కాలువ కూలి ఆగిపోయాక, మిషను దగ్గర ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

ఆ 2,222 అంకెను మన సంఘాల్లో ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. నాకు దానికన్నా ముందు నెలల్లో ఆపేసిన బాప్తిస్మాలు ఎక్కువ గొప్పగా అనిపిస్తాయి. ఆకలిగా ఉన్న మనిషి ఒప్పుకోలుకు విలువ కట్టడం కష్టమని ఆ మిషనరీకి తెలుసు. అయినా అభ్యంతరం పూర్తిగా తీరిపోదు. కూలి ఇప్పించినవాడే బోధకుడైనప్పుడు కరువు వెళ్లిపోయినా ఆ రుణభావం వెళ్లిపోతుందా? ప్రాణం నిలబెట్టినవాడి దేవుడి మీద మనసు పోవడం తప్పు అనలేం. అది స్వేచ్ఛగా చేసిన నిర్ణయమే అని రూఢిగానూ చెప్పలేం. అందుకే ఎదుటి పక్షం మాట నిదానంగా వినాలి.

ఆ మాట అందరికన్నా గట్టిగా అన్నవారు గాంధీజీ. గులాబీ తన పరిమళం గురించి ప్రసంగం చేయదు, మీరూ అలాగే ఉండండి అని మిషనరీలకు ఆయన పదే పదే చెప్పారు. వైద్యం, చదువు మతమార్పిడికి సాధనాలైతే అది సేవ ఎలా అవుతుందని అడిగారు. ఈ అభ్యంతరం తేలికైనది కాదు. గుంటూరులో అన్నా కుగ్లర్ 1883 నుంచి ఆడవాళ్లకు వైద్యం చేశారు. 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రిలో ప్రాణాలు నిలిచిన తల్లులు ఎందరో. మిషను ఆసుపత్రుల్లో బైబిలు స్త్రీలు రోగుల పక్కన కూర్చుని కథలు చెప్పడం, ప్రార్థన చేయడం మామూలే. ఆ ప్రేమ నిజమైనది. ఆ రోగి లేచి వెళ్లలేని స్థితిలో ఉందన్నదీ నిజమే.

దీన్ని నేను దగ్గర నుంచి చూశాను. మా బంధువు ఒకావిడకు ఆపరేషన్ ముందు రోజు రాత్రి ఆసుపత్రిలో తోడుగా ఉన్నాను. రాత్రి డ్యూటీ నర్సు బీపీ చూసి, సెలైన్ సరిచేసి, "ప్రార్థన చెయ్యమంటారా అమ్మా?" అని అడిగింది. మావాళ్లు క్రైస్తవులే, చేయమన్నారు. ప్రార్థన అయ్యాక ఆ అమ్మాయి పక్క మంచం వైపు తిరిగి అదే మాట అడిగింది. ఆ పెద్దావిడ నుదుట పెద్ద కుంకుమబొట్టు, చేతికి కొత్తగా కట్టిన తాయెత్తు. ఒక్క క్షణం నర్సు చేతిలోని ఇంజెక్షన్ ట్రే వైపు చూసి, "నీ ఇష్టం తల్లీ" అంది. నర్సు కళ్లు మూసుకుని రెండు నిమిషాలు, నిజంగా ఆవిడ బాగుపడాలని, మెల్లగా ప్రార్థించింది. తెల్లవారి పెద్దావిడ ఆ పిల్లను చేయి పట్టుకుని దీవించింది కూడా. నాకు మాత్రం ఆ "నీ ఇష్టం తల్లీ" గుర్తుండిపోయింది. ఆవిడ అవునన్నదా, లేక కాదనలేకపోయిందా? ఆ రాత్రి నాకు తెలియలేదు, నర్సుకూ తెలిసి ఉండదు. అడిగిన మనిషి చేతిలో సూది ఉన్నప్పుడు వచ్చే జవాబును సమ్మతి అనుకోవడం కష్టం.

గాంధీజీ వాదనలో నేను ఒప్పుకోలేనిదీ ఉంది. 1936 చివర జాన్ మాట్ అనే అమెరికన్ మిషనరీ నాయకుడితో మాట్లాడుతూ, హరిజనులకు సువార్త చెప్పడం గురించి, ఆవుకు సువార్త చెబుతారా అని ఆయన అడిగారు. అణగారినవాళ్లకు మతాల మధ్య తేడా తెలుసుకునే శక్తి లేదన్నది దాని తాత్పర్యం. తర్వాత సమర్థించుకోబోయినా ఆ మాట దళితుల్ని నొప్పించింది. నొప్పించకుండా ఎలా ఉంటుంది? అంతకు ముందు ఏడాదే అంబేడ్కర్ యేవలా సభలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. తన మతం గురించి తాను ఆలోచించుకోవడం దళితుడికి చేతకాదన్నట్టు మాట్లాడితే అది రక్షణ కాదు, అవమానం. చెప్పులు కుట్టేవాళ్ల గురించి సెల్సస్ అన్న మాటకూ దీనికీ దూరం ఎక్కువ లేదు. రాజయోగమూ క్రైస్తవమూ రెండూ ఎరిగి, రెండోదాన్ని ఎంచుకున్న పేరయ్యను ఈ వాదన లెక్కలోకే తీసుకోలేదు.

పేరయ్యకూ మిషను ఆసుపత్రికీ మధ్య తేడా ఎక్కడుందో చూడండి. పేరయ్య మాట విన్నవాడు లేచి వెళ్లిపోవచ్చు, "పోవయ్యా, మా అమ్మవారు మాకు చాలు" అనవచ్చు, తోళ్ల బేరం మానుకోవచ్చు. నష్టపోయేది పేరయ్యే. ఆసుపత్రి మంచం మీది మనిషికి అలాంటి వీలు లేదు. పనిమనిషికి, ట్యూషన్ పిల్లాడికి, అప్పు తీసుకున్నవాడికి, ఉద్యోగం కోసం తిరిగే కుర్రాడికి ఆ వీలు లేదు. సాక్ష్యం మాటతోనా చేతతోనా అన్న పాత చర్చ కన్నా నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. వినేవాడు ఏమీ పోగొట్టుకోకుండా వద్దనగలడా? అనగలిగితే చెప్పండి, ధైర్యంగా చెప్పండి. అనలేకపోతే, అతను ఆ మంచం దిగేదాకా, ఆ అప్పు తీరేదాకా ఆగండి.

మాట అసలు వద్దు, బతుకు చూపిస్తే చాలు అనేవారు సంఘంలోపలా ఉన్నారు. వాళ్లు తరచుగా అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు చెప్పి, అవసరమైతేనే మాటలు వాడమన్నాడంటారు. ఆయన రచనల్లో ఆ మాట లేదు. ఆయన 1221 నాటి నియమావళిలో ఉన్నది ఇంకా మంచి మాట అని నా అభిప్రాయం. అంతకు రెండేళ్ల ముందు, క్రైస్తవ సేనలు ఈజిప్టులో దామియెట్టాను ముట్టడిస్తుండగా ఆయన సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి ఆయుధం లేకుండా వెళ్లి వచ్చాడు. ముస్లింల మధ్య ఉండే సోదరులకు ఆ నియమావళి రెండు దారులు చూపింది. ఒకటి, వాదాలకు దిగకుండా, అందరికీ లోబడి, తాము క్రైస్తవులమని దాచకుండా బతకడం. రెండోది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం ప్రకటించడం. మొదటి దారి మౌనమేమీ కాదు, తమ పేరు చెప్పుకోవడం అందులోనూ ఉంది. రెండో దారికి వేళ చూసుకోవాలి. పేతురు పత్రికలోనూ ఇదే తూకం కనిపిస్తుంది. నమ్మని భర్తలున్న స్త్రీలు మాట లేకుండా నడవడితోనే వాళ్లను గెలవాలని ఒక చోట, నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో, భయంతో జవాబివ్వడానికి సిద్ధంగా ఉండాలని ఇంకో చోట. అడిగినవారికి అన్నది మన ప్రసంగాల్లో త్వరగా జారిపోతుంది.

అయితే ఊరికే మంచిగా ఉంటే చాలనడంలో చిక్కుంది. మంచివాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, ఏ మతమూ లేనివాళ్లలోనూ ఉన్నారు. ఒక క్రైస్తవుడు తన మంచితనాన్ని క్రీస్తుకు ఆధారంగా చూపి ఊరుకుంటే అది ఒక రకంగా గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. నా వల్ల కానిది ఆయన కృప వల్ల అయిందని చెప్పాలంటే నోరు తెరవక తప్పదు. పోప్ ఆరవ పౌలు 1975లో సువార్త ప్రకటన గురించి రాసిన లేఖ ఇదే చెబుతుంది. బతుకు సాక్ష్యం ముందు రావాలి, కానీ ఎందుకు అలా బతుకుతున్నావో ఏదో ఒక రోజు వివరించకపోతే అది అసంపూర్తిగా మిగులుతుంది. డోర్నకల్ ప్రాంతంలో ఇది కళ్ల ముందే జరిగింది. 1920లు, 30లలో మాల మాదిగల కన్నా పై కులాలుగా లెక్కించే వ్యవసాయ కులాల వాళ్లు కొందరు సంఘంలోకి వచ్చారు. తమ పొలాల్లో పనిచేసే క్రైస్తవ కూలీల బతుకులో వచ్చిన మార్పు చూసి కదిలామని వాళ్లలో చాలామంది చెప్పారు. పెత్తనమంతా వినేవాడి చేతిలోనే ఉంది, చెప్పేవాడి చేతిలో ఏమీ లేదు. అంతకన్నా శుభ్రమైన సాక్ష్యం నాకు తెలియదు.

ఇక ఇళ్ల మధ్య సంగతి. వినాయకచవితి నాడు పొరుగింటామె పళ్లెంలో ఉండ్రాళ్లు, పులిహోర పెట్టి, పైన ఇంకో పళ్లెం మూసి తెస్తుంది. క్రైస్తవ ఇంటి ఇల్లాలు గుమ్మంలో ఇబ్బంది పడుతుంది. "ఏమీ అనుకోకండి వదినగారూ, మేం ప్రసాదం..." అనబోతే, "నాకు తెలీదా ఏంటండీ, ఇవి నైవేద్యం పెట్టకముందే మీకోసం విడిగా తీశాను, పిల్లలకు పెట్టండి" అంటుంది పొరుగింటామె. పళ్లెం ఖాళీగా ఇవ్వకూడదు కనుక ఈవిడ అందులో పంచదార పోసి ఇస్తుంది. క్రిస్మస్‌కు ఈ ఇంటి నుంచి కేకూ కజ్జికాయలూ ఆ ఇంటికి వెళ్తాయి. ఆవిడ అవి ఏ దేవుడి పేర చేశారని అడగదు. తెలుగు ఊళ్లలో ఇది ఎన్ని ఇళ్ల మధ్య జరుగుతోందో!

విగ్రహాలకు పెట్టినవాటి గురించి పౌలు కొరింథీయులకు రెండు మూడు అధ్యాయాలు రాశాడు. పిలిచిన ఇంట్లో ఏది వడ్డిస్తే అది అడగకుండా తినమన్నాడు. ఇది బలి ఇచ్చింది అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. ప్రసాదం తినకపోవడం విశ్వాసానికి సంబంధించిన నియమం, దాన్ని పాటించేవాళ్లను తప్పుపట్టను. నేను అడిగేది వేరు. నైవేద్యానికి ముందే విడిగా తీసిపెట్టిన ఆవిడ తన నమ్మకం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మన నమ్మకాన్ని మాత్రం గౌరవించింది. మనం ఆవిడకు కరపత్రం ఇచ్చినప్పుడు ఆవిడ నమ్మకం గురించి ఎంత తెలుసుకుని ఇచ్చాం? ఆవిడ తన వ్రతకథ చెబితే కూర్చుని వింటామా? మన మాట ఆవిడ వినాలని కోరుకుంటే, ఆవిడ మాట మనం చివరిదాకా వినడం కనీస న్యాయం. విన్నంత మాత్రాన మన విశ్వాసం కరిగిపోదు. కరిగిపోతుందని భయపడేవాడు ఇంకొకరికి సాక్ష్యం చెప్పడానికి ఇంకా సిద్ధంగా లేడు.

సాక్ష్యానికి చెప్పేవాడి వైపు నుంచీ ఒక ఖరీదు ఉంది, ప్రసంగ వేదిక మీద నుంచి ఆ మాట తక్కువగా వినిపిస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడు ఆ హోదా పోగొట్టుకుంటాడు. మన రాష్ట్రాల్లో అతన్ని బీసీ-సి గ్రూపులో చేర్చారు, ఆ గ్రూపుకు రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు ఉన్నవాళ్లు ఎందరో. ఆఫీసులో క్రైస్తవుడివని తెలియాలి అని పాస్టరు గారు అన్నప్పుడు తల దించుకునేవాడు పిరికివాడే కానక్కర్లేదు, పిల్లల చదువు లెక్కేసుకుంటున్న తండ్రి కావచ్చు. రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నారని బయటివాళ్లు విమర్శిస్తారు. చట్టం ఉన్నంతవరకు ఆ విమర్శకు చట్టపరమైన బలం ఉంది. కానీ బాప్తిస్మంతో మతం మారింది గానీ ఊళ్లో కులం మారలేదు, మాదిగపల్లె మాదిగపల్లెగానే ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫార్సు చేసింది. అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు ఈ నష్టమేమీ లేదు. ఏమీ పోగొట్టుకోని మనిషి, అన్నీ పోగొట్టుకునే మనిషిని బహిరంగంగా ఒప్పుకోమని గద్దించడం నాకు న్యాయంగా కనిపించదు. అలా గద్దించే ముందు సంఘం ఆ కుటుంబం పక్కన నిలబడే ఏర్పాటు చేయాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1948 డిసెంబర్ 6న రాజ్యాంగ సభలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉండాలా అన్న దాని మీద గట్టి చర్చ జరిగింది. లోక్‌నాథ్ మిశ్రా వద్దన్నారు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తనను మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని టి.టి. కృష్ణమాచారి చెప్పారు. హక్కు ఉండిపోయింది, అదే ఇప్పటి 25వ అధికరణం. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, తిరుమలలో అన్యమత ప్రచారం మీద లేచిన వివాదం తర్వాత, 2007లో వచ్చిన చట్టం ఒక మతం ప్రార్థనా స్థలాల్లో ఇంకో మతం ప్రచారాన్ని నిషేధించింది. ఈ చివరిదాన్ని మనవాళ్లు కొందరు హింసగా లెక్కిస్తారు. నేనలా అనుకోను. కొండ ఎక్కుతున్న భక్తుడి చేతిలో కరపత్రం పెట్టడం సాక్ష్యమని పేతురు పత్రిక చదివినవాడు అనలేడు. మన చర్చి మెట్ల మీద ఎవరైనా అదే పని చేస్తే మనకెలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. కానీ పుట్టినరోజు ప్రార్థనకు పదిమంది చేరినా మతమార్పిడి అని తలుపులు బాదే గుంపులు కొన్ని చోట్ల తయారయ్యాయి. అది శాంతిభద్రతల పేరిట జరిగే దౌర్జన్యం. ఇష్టపడి వచ్చిన అతిథి, తన ఇంట్లో తన దేవుడికి మొక్కుకునే ఇంటి యజమాని, ఇద్దరూ కాదనే స్వేచ్ఛ ఉన్నవాళ్లే. అక్కడ ఎవరికీ జోక్యం చేసుకునే పని లేదు.

రెండు వైపులా చూశాక నా తీర్పు ఇది. అజరయ్య గారు తల మీద చెయ్యి పెట్టించి పలికించిన మాటను సంఘం వదులుకోకూడదు. దాన్ని వదులుకోమనడం పేరయ్యను నోరు మూసుకోమనడమే. కానీ అది పేదవాడు తనవాళ్లతో, తనతో సమానుడితో, తనకన్నా పైవాడితో మాట్లాడిన మాట. దాన్ని డాక్టరు రోగి మీద, టీచరు పిల్లవాడి మీద, యజమాని పనిమనిషి మీద ప్రయోగిస్తే అదే మాట వేరే వస్తువైపోతుంది. అభ్యంతరం చెప్పేవారికి నా మాట ఇది. విసుగనిపిస్తే "ఈ సంగతి వద్దండీ" అని సూటిగా చెప్పండి. అలా చెప్పడం అమర్యాద కాదు. విన్న విశ్వాసి ఆ తర్వాత కూడా మునుపటిలాగే మీ కష్టానికి వస్తుంటే, ఆ రాకలో లోపల లెక్కేదో ఉందని అనుమానించకండి.

పాస్టరు గార్లకు ఒక మనవి. 2011 జూన్‌లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్ మతాంతర సంభాషణ విభాగం, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి వివిధ మతాల మధ్య క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. సాధారణంగా ఒక మాట మీదికి రాని ఈ మూడు వర్గాలూ సాక్ష్యం చెప్పాల్సిందేనని అందులో ఒప్పుకున్నాయి. డబ్బు ఆశ చూపడం, స్వస్థత సేవలో రోగి నిస్సహాయతను వాడుకోవడం తప్పని కూడా ఒప్పుకున్నాయి. కొద్ది పేజీల పత్రమే అది. సాక్ష్యం గురించి ప్రసంగం చేసే వారంలోనే దాన్ని సంఘంలో తెలుగులో చదివించండి. ఆసుపత్రుల్లో, బళ్లలో పనిచేసే విశ్వాసుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, డ్యూటీలో ఉన్నంతసేపు ఏది చేయాలో ఏది ఆపాలో వాళ్లతోనే మాట్లాడించండి.